మిస్ ఎర్లీన్ పియానోను బాగుచెయ్యకండి

మన సంఘం ఏటా వేసే పుస్తకంలో రిటైరైనవాళ్ల వృత్తి అనుభవాలు వస్తుంటాయి. గుండె డాక్టరు గారివి రెండుసార్లు వచ్చాయి. కారు బ్రేకుల ఇంజనీరు గారివి మూడు భాగాలుగా వచ్చాయి. నన్ను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఒక ఏడాది నేనే రాసి పంపితే, వ్యాసం వెయ్యకుండా వెనక పేజీలో ‘మూర్తి గారు, పూర్వ ఆటో ఇంజనీరు’ అని ఒక ఫోటో వేశారు. ఆ ఫోటో కూడా నాది కాదు. టెక్సస్‌లోని ప్లేనో ఊళ్లో ఉండే ఇంకో మూర్తి గారిది. ఆయనకు జుట్టుంది. సవరణ వెయ్యమన్నాను. తప్పకుండా వేస్తామన్నారు. ఆ మాట వాళ్లకు గుర్తులేదు, నాకు గుర్తుంది.

ఈసారి వాళ్లే అడిగారు. ఎవరో ఇస్తానన్న వ్యాసం ఇవ్వలేదట, పేజీలు మిగిలాయట. సరే, మిగిలిన పేజీలే ఇవ్వండి అన్నాను. నాకు రాయవలసిన అవసరం రెండు వైపులనుంచీ ఉంది. మన సంఘంలోని పిల్లలిద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వదిలి పియానోలు శ్రుతిచేసే పనిలోకి రావాలనుకుంటూ ఈమధ్య నాకు ఫోన్ చేశారు. ఆ పని నిజంగా ఎలా ఉంటుందో వాళ్లకు చెప్పాలి. ఇక రెండోది తొందర పని. డెట్రాయిట్‌లో యాభై ఏళ్లకు పైగా, నల్లజాతివాళ్ల సంగీతమైన బ్లూస్ వాయించిన మిస్ ఎర్లీన్ అనే ఆవిడ పియానోను వచ్చే నెలలో ఒక మ్యూజియం వాళ్లు విప్పి, కొత్తదానిలా బాగుచెయ్యబోతున్నారు. బాగుచేస్తే అది పోతుంది. ఆ మాట నేను చెబుతూనే ఉన్నాను. ఎవరూ వినిపించుకోవడం లేదు.

చప్పుళ్లు తీసేసే ఉద్యోగం

నేను ఆటో ఇంజనీరుగా ఉన్నది పదకొండేళ్లు. పియానోలు శ్రుతిచేసింది ఇరవై రెండేళ్లు. మన సంఘం లెక్కలో రెండోది ఇంకా రానట్టుంది.

కార్ల కంపెనీలకు విడిభాగాలు చేసే ఒకచోట నా పని చప్పుళ్లు వెతకడం. కారు నడుస్తుంటే డాష్‌బోర్డు వెనక ఎక్కడో గరగరమంటుంది. అది ఏ మర వల్లో, ఏ క్లిప్పు వల్లో పట్టుకుని ఆపాలి. అందులో నేను దిట్టను. ఇంటికొచ్చినా ఫ్రిజ్ చప్పుడు, ఫ్యాను చప్పుడు వినిపించి నిద్రపట్టేది కాదు. కంపెనీ మా విభాగాన్ని మూసేసినప్పుడు గ్రీన్‌కార్డు చేతిలో ఉంది కాబట్టి బతికిపోయాను. నా భార్య సరళ ఒకటే మాట అంది. “ఇంట్లో కూర్చుని నా మిక్సీ చప్పుడుకి వంకలు పెట్టే బదులు, ఎవరింటికైనా వెళ్లి వాళ్ల చప్పుళ్లు సరిచెయ్యండి.”

అలా డెట్రాయిట్ పక్కనే ఉన్న లివోనియాలో పియానోల దుకాణం నడిపే స్టాన్ దగ్గర చేరాను.

స్టాన్

స్టాన్ పోలండ్‌నుంచి వచ్చిన కుటుంబంవాడు. చేతులు పెద్దవి, మాటలు తక్కువ. ఆయనవీ మిస్ ఎర్లీన్‌వీ ఇంగ్లిష్ మాటలే అయినా, నా చెవిలో ఎలా ఉన్నాయో అలా తెలుగులో రాస్తున్నాను.

మొదటిరోజు నేను గర్వంగా శ్రుతి కొలిచే ఎలక్ట్రానిక్ మీటరు తీసుకెళ్లాను. ఆయన దాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు. ఆరునెలలపాటు తీగల్ని బిగించే పిన్నులు తిప్పే రెంచి చేతికివ్వలేదు. దుమ్ము తుడవడం, వినడం, అంతే.

“ఇంకెప్పుడిస్తావు స్టాన్?”

“ఇప్పుడు నువ్వు వింటున్నావా, కొలుస్తున్నావా?”

“రెండూ.”

“అయితే ఇంకా సమయముంది.”

నా చెవిని ఆయనే బాగుచేశాడు, అందులో సందేహం లేదు. కానీ ఒక లోపం ఉంది, ఆయన పోయారు కదా అని దాచను. “అది చెయ్యొద్దు” అనేవాడు తప్ప ఎందుకో చెప్పేవాడు కాదు. మీరు రేపు ఎవరికైనా పని నేర్పితే కారణంతో సహా నేర్పండి. ఆయన చెప్పని ఒక కారణం వల్ల నేను చేసిన తప్పు నయమవడానికి రెండేళ్లు పట్టింది.

నా పియానో ఎక్కడ పెట్టావ్?

స్టాన్ మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు ఆయన పాత ఇళ్లన్నీ నా మీద పడ్డాయి. చీటీ ఇచ్చి, “మిస్ ఎర్లీన్ పియానో. శ్రుతి చెయ్. ఇంకేమీ ముట్టుకోకు” అన్నాడు.

“ఎందుకు?”

“ముట్టుకోకు అన్నాను కదా.”

డెట్రాయిట్ పడమటివైపు ఇటుక ఇల్లు. ముందుగదిలో నా భుజాలదాకా వచ్చే పాత నిలువు పియానో. మిస్ ఎర్లీన్‌కు అప్పటికి డెబ్బై దాటాయి. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మూడు గంటలకు ఆ గదిలోనే వాయించేవారు. పేటవాళ్లు కుర్చీలు తెచ్చుకుని వచ్చేవారు. నేను వెళ్లింది శనివారం. ఆవిడ టోపీ పెట్టుకుంటూ, “నేను పాటల ప్రాక్టీసుకి వెళ్తున్నా. స్టాన్ నీకు అన్నీ చెప్పాడుగా?” అన్నారు. చెప్పాడన్నాను.

పియానో విప్పి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. పియానోలో కీ నొక్కితే లోపల ఉన్నిదట్టం చుట్టిన చిన్న సుత్తి వెళ్లి తీగల్ని కొడుతుంది. ఆ సుత్తులు ఏళ్ల తరబడి కొట్టి కొట్టి గట్టిపడి చెక్కలా ఉన్నాయి. తీగలు దిగినచోట లోతుగా గాళ్లు పడ్డాయి. ఎక్కువ స్వరాలకు మూడేసి తీగలుంటాయి, మూడూ ఒక్కటిగా పలకాలి. ఈవిడవి కుడిచేతివైపు మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. పైగా కాళ్ల దగ్గరి పలక, నేల అదిరితే చాలు, జర్రుమంటోంది.

పదకొండేళ్లు చప్పుళ్లు వేటాడినవాడిని. నాలుగు గంటలు ఊపిరి తీసుకోకుండా పనిచేశాను. సుత్తుల్ని గరుకు కాగితంతో అరగదీసి గాళ్లు మాయం చేశాను. సూదులతో గుచ్చి మెత్తబరిచాను. మూడు తీగల్నీ ఒక్క తీగలా కలిపాను. పలకకు కొత్త మర బిగించాను. ఆ పియానో అంత అందంగా ఎన్నడూ పలికి ఉండదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆవిడ వచ్చారు. టోపీ తీయకుండానే కూర్చుని పది క్షణాలు వాయించి ఆపేశారు.

“చాలా బాగుంది” అన్నారు.

“థాంక్యూ మ్యామ్.”

“నాది ఎక్కడ పెట్టావ్?”

అర్థం కాలేదు. “ఇదే కదా మ్యామ్ మీది.”

“కాదు బాబూ. ఇది ఏదో హోటల్‌వాళ్లది. నా పియానో ఎక్కడ పెట్టావ్?”

నేను ఊరుకునే రకం కాదని నన్నెరిగినవాళ్లకు తెలుసు. వాదించాను. తీగలు తేడాగా ఉన్నాయన్నాను. “ఉన్నాయి, ఉంచింది నేనే” అన్నారు. కింద పలక మోగుతోందన్నాను. “నా కాలు తాళం వేస్తే అది మోగాలి. మాకు డ్రమ్ము అదే” అన్నారు. నాకిక మిగిలింది ఒక్కటే.

“నేను ఇంజనీర్‌ని మ్యామ్.”

“తెలుస్తోంది” అన్నారు.

మర్నాడు మూడు గంటలకు నన్ను రమ్మన్నారు. ముందు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆవిడ వాయించారు. తప్పేమీ లేదు, కానీ గదిలో ఎవరి కాలూ ఆడలేదు. మూడో పాట తర్వాత, ప్యాంటు జారకుండా భుజాల మీదుగా సస్పెండర్లు వేసుకున్న ఒక పెద్దాయన లేచి, “ఎర్లీన్, ఒంట్లో బాగాలేదా?” అని అడిగాడు.

“నాకేం, బాగున్నాను. దీనికే నిన్న తలంటి పోశారు. ఇదిగో, ఈ పెద్దమనిషే.”

గదంతా నా వైపు తిరిగి నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు.

పోయిందాన్ని తేవడం

మర వదులు చెయ్యడం ఒక్క నిమిషం పని. కానీ పలక మునుపటిలా మోగడానికి మూడు శనివారాలు పట్టింది. తీగల సంగతి ఇంకా కష్టం. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో స్వరం వినేవారు.

“మధ్యది సరిగ్గా ఉండనీ. దాని కుడిపక్కది కొంచెం దించు. కొంచెం అన్నాను, పాతాళానికి కాదు! ఆఁ, అక్కడ.”

“మ్యామ్, ఇలా అయితే మూడూ కొట్టుకుంటాయి.”

“ముగ్గురు అక్కచెల్లెళ్లు ఒకే మాట చెప్పాలి. ఒకే గొంతుతో చెబితే ముగ్గురెందుకు? ఒక్కతి చాలదూ?”

ప్రతి స్వరానికీ ఏ తీగ ఎంత దిగాలో నోటుపుస్తకంలో రాసుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

సుత్తుల్ని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాం. అరగదీసిన ఉన్ని తిరిగి రాదు. గట్టిపరిచే ద్రావకం ఒకటుంది, పోస్తానన్నాను. “జుట్టుకి రంగేసినట్టుంటుంది, వద్దు. నేనే వాయించి తెచ్చుకుంటాను” అన్నారు. తెచ్చుకున్నారు. రోజూ రెండు మూడు గంటలు, రెండు చలికాలాలు. వెళ్లినప్పుడల్లా టార్చిలైటు వేసి గాళ్లెంత లోతు పడ్డాయో చూసేవాణ్ణి. రెండో చలికాలం చివర ఒక ఆదివారం, పాట మధ్యలో సస్పెండర్ల పెద్దాయన పియానో వైపు చూసి, “వచ్చావా?” అన్నాడు. ఆవిడను కాదు, పియానోనే.

ఆవిడ ఆ మొదటి వారంలోనే స్టాన్‌కు ఫోన్ చేశారట. నా పని పోయిందనుకున్నాను. “ఇకనుంచి ఆ ఇంజనీర్‌నే పంపు. ఏది ముట్టుకోకూడదో వాడికే బాగా తెలుసు” అన్నారట. స్టాన్ ఈ మాట నాకు చెప్పింది ఏడేళ్ల తర్వాత. ముందే చెబితే ఏం పోయేది?

ఆవిడ ఎడమచెయ్యి

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఆ పియానో నా చేతిలోనే ఉంది. మిస్ ఎర్లీన్ చిన్నప్పుడే ఆర్కన్సానుంచి మేనత్తతో వచ్చారు. చర్చిలో మేనత్త పక్కన కూర్చుని వాయించడం నేర్చుకున్నారు. కార్ల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టే మిషను మీద ఉద్యోగం. వారాంతాల్లో బార్లలో పియానో. ఆడది బ్లూస్ పియానో వాయించడమేమిటని మొదట్లో ఆవిణ్ణి పాటగత్తెగా తీసుకుని, పియానోకి మగవాణ్ణి పెట్టేవారట. ఆ మగవాడు ఒకనాడు రాకపోతే వెళ్లి కూర్చున్నారు. మళ్లీ లేవలేదు.

ఆవిడ ఎడమచెయ్యి సీట్లు కుట్టే మిషనులాగే ఆగకుండా తిరిగేది. కానీ నాలుగో దెబ్బ దగ్గర వెంట్రుకవాసి ఆగేది. ఆ ఆగడంలో వినేవాళ్ల ఊపిరీ ఆగేది. “కుడిచెయ్యి ఎవరికైనా వస్తుంది మూర్తీ. ఎడమచెయ్యి ఇల్లు. ఇల్లుంటేనే కదా కుడిచెయ్యి షికారుకెళ్లేది” అనేవారు.

ఎక్కడెక్కడివాళ్లో వచ్చి నేర్చుకునేవారు. కాఫీ ఇచ్చి, ఎడమచేత్తో మాత్రం గంటసేపు వాయించమనేవారు. సగంమంది రెండోసారి రాలేదు. వచ్చినవాళ్లలో ఒకతను ఇప్పుడు దేశదేశాలూ తిరుగుతున్నాడు. అతని ప్రతి పాటలోనూ ఆ నాలుగో దెబ్బ ఆగడం ఉంటుంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ‘వీధుల్లో’ అంటాడు. నాకు ఒళ్లు మండి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఆవిడతో చెప్పాను.

“నీకు ఇంకే పనీ లేదా మూర్తీ?”

“అది మీది కదా మ్యామ్!”

“నేను మా అత్త దగ్గర తీసుకున్నా. ఆవిడ ఎవరి దగ్గర తీసుకుందో నేనడగలేదు. అతను బాగా వాయిస్తున్నాడా?”

“వాయిస్తున్నాడు.”

“మరింకేం?”

ఆవిడకు పట్టలేదు. నాకు పట్టింది. ఇప్పటికీ పట్టింది.

ముందు అడగండి

పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేదల్లా ఇదే. ఏ ఇంటికి వెళ్లినా మూత తెరవకముందే, “ఇందులో ఏది ముట్టుకోకూడదు?” అని అడగండి.

మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్నకు వింత జవాబులొస్తాయి. నోవైలో ఒకింట్లో పన్నెండు కీలు పలకడం లేదని పిలిచారు. ఇల్లాలిది వరంగల్. “మొత్తం ముట్టుకోండి అంకుల్, మా పిల్లలు ఎట్లాగు ముట్టుకుంటలేరు” అంది. కీలు ఎత్తిచూస్తే కింద పసుపు బియ్యం. దసరాకు పియానోకూ ఆయుధపూజ చేసి, చేటెడు అక్షింతలు చల్లారు.

“నేను చెప్తనే ఉన్న,” అన్నాడు భర్త. “లాప్‌టాప్‌కి బొట్టు పెడితే చాలు, పియానో జోలికి పోకే అని.”

“లాప్‌టాప్ మీద చల్లితే మీరు ఊకుంటరా?”

గింజ గింజా ఏరి తీశాను. వెళ్లబోతుంటే ఆమె గొంతు తగ్గించి, “అంకుల్, ఎడమ దిక్కు చివర్ల ఒక కీ గరగర అంటది. అది మాత్రం అట్లనే ఉండనియ్యుండ్రి. పొద్దున అందరు పోయినంక నేనే కొంచెం వాయిస్త” అంది. ఆ గరగర ఎక్కడిదో నాకు తెలుసు. రెండు నిమిషాల్లో తీసేయగలను. ముట్టుకోలేదు.

ప్రసాద్ గారికి

మిస్ ఎర్లీన్ రెండేళ్ల కిందట పోయారు. పియానోను బంధువులు మ్యూజియానికి ఇచ్చారు. అక్కడివరకూ మంచిపనే. ఇప్పుడు మ్యూజియం వాళ్లు కొత్త సుత్తులు, కొత్త తీగలు వేయించి, మరలన్నీ బిగించి, ‘పూర్వవైభవంతో’ హాల్లో పెడతారట. ఈమెయిల్‌లో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి మీ సందేశం అందిందని కంప్యూటరు జవాబిచ్చింది. రెండోదానికి సభ్యత్వం ఫారం వచ్చింది. మూడోదానికి, బాగుచేసిన పియానో ఆవిష్కరణకు రమ్మని ఆహ్వానం వచ్చింది.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఆ పని చూసే కమిటీకి పెద్ద మన ఫార్మింగ్టన్ హిల్స్ ప్రసాద్ గారు. ఈ పుస్తకం వారింటికి తప్పకుండా వెళ్తుంది. ఆయన్ని ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర పట్టుకున్నాను.

“ప్రసాద్ గారూ, సుత్తులు మార్చొద్దండి.”

“అరె, మూర్తి గారూ! రిటైర్‌మెంట్ ఎంజాయ్ చేస్తున్నారా?”

“సుత్తులండీ.”

“ఎక్స్‌పర్ట్ వచ్చి చెక్ చేశాడండి. కండిషన్ చాలా పూర్ అని రిపోర్ట్ ఇచ్చాడు. మనం ఆడియో ఇంజనీర్లం కాదు కదా.”

“పద్దెనిమిదేళ్లు ఆ పియానో చూసింది నేనండీ.”

“అవునా! ఒక ఈమెయిల్ పెట్టండి మరి.”

“మూడు పెట్టాను.”

“ఈసారి నన్ను సీసీ చెయ్యండి. కరివేపాకు ఇవాళ ఫ్రెష్‌గా ఉందండీ, తీసుకెళ్లండి.”

సీసీ చేశాను. ఐదు వారాలైంది.

ప్రసాద్ గారూ, మీ నిపుణుడు ఏం చూసి ఉంటాడో నాకు తెలుసు. సరిగ్గా అదే చూసి, అదే తప్పు నేను చేశాను. అప్పుడు రెండేళ్లు కూర్చుని వాయించి తెచ్చుకోవడానికి ఆవిడ ఉన్నారు. ఈసారి తేవడానికి ఎవరూ లేరు. అసలేమీ చెయ్యొద్దనడం లేదు. ఎడమచేతివైపు బొంగురు స్వరాల తీగలు రెండు తెగి ఉన్నాయి, అవి వేయించండి. పురుగు పట్టకుండా చూడండి. మ్యూజియం చూడటానికి వచ్చే స్కూలు పిల్లలు వాయించడానికి పక్కన ఇంకో పియానో పెట్టండి. ఆవిడ తీగలు ఎలా ఉండాలో నా నోటుపుస్తకంలో ఉంది, ఇచ్చేస్తాను.

ఈ గొడవంతా నేను పేరు కోసం చేస్తున్నానని మీరు ఎవరితోనో అన్నారట. అది నిజమే, కొంతవరకు. పియానో పక్కన పెట్టే వివరాల పలక మీద నా పేరు కూడా వెయ్యాలని మొదటి ఉత్తరంలో రాశాను. సరళ ఆ వాక్యం తీసెయ్యమంది, నేను తియ్యలేదు. ఇప్పుడు అందరి ముందూ తీసేస్తున్నాను. నా పేరు ఎక్కడా వెయ్యకండి. సుత్తుల్ని ముట్టుకోకండి.

మీ ఈమెయిల్ వద్దు, కంప్యూటరు జవాబు వద్దు, ఆహ్వానం వద్దు. నేనడిగేది ఒక్కటే, మీ నోటితో చెప్పండి. ఆ పియానో పాడైపోయిందని సంతకం పెట్టేముందు, మీలో ఎవరైనా దాని ముందు కూర్చుని ఒక్క పాటయినా వాయించి విన్నారా? అవునో, కాదో?